ఆదివారం గుంపులో సైకిల్ తొక్కడం ఎలా: హైదరాబాద్‌లో మొదటి ఆరు నెలలు

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి నార్సింగి దగ్గర సర్వీసు రోడ్డు పక్కన నిలబడితే ముందు ఎర్ర లైట్లు కనిపిస్తాయి, తర్వాత చక్రాల టిక్‌టిక్ వినిపిస్తుంది. పది పదిహేను సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి, చక్రానికీ చక్రానికీ మధ్య మూరెడు దూరంతో దూసుకుపోతాయి. చూసినవాళ్లలో చాలామంది అడిగేది ఒక్కటే: "ఆ సైకిల్ ఎంతండీ?" నేనూ అదే అడిగాను. మూరెడు దూరంలో పడిపోకుండా ఎలా తొక్కుతున్నారని అడగాలని నాకు తట్టడానికి ఒక పెద్దాయన మోచేయి గీరుకుపోవలసి వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీరు ఇంట్లోంచి బయటపడాలి.

కొనకముందు మూడు ఆదివారాలు

ఇంట్లో ఏ సైకిల్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి. బ్రేకులు పడుతున్నాయా, టైర్లలో గాలి ఉందా అన్నవి చూసుకుంటే చాలు. లేకపోతే స్నేహితులది అడిగి తెచ్చుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 2023 అక్టోబరులో తెరిచిన ట్రాక్ కొత్తవాళ్లకు బాగా పనికొస్తుంది. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. పైన నీడ ఉంటుంది, పక్కన లారీ ఉండదు.

మూడు ఆదివారాలు అక్కడ తొక్కండి. మూడోసారి కూడా అలారం మోగకముందే మెలకువ వస్తే అప్పుడు డబ్బు తీయండి. మా అపార్టుమెంటు సెల్లారులో దుమ్ము పట్టిన ఖరీదైన సైకిళ్లు ఏడు ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.

అయితే ట్రాక్ మీదే స్థిరపడిపోకండి. అక్కడ గుంటలు లేవు, కుక్కలు లేవు, ఎదురు దారిలో వచ్చే మోటార్ సైకిళ్లు లేవు. మిగతా హైదరాబాద్‌లో ఈ మూడింటితోనే కాపురం.

క్లబ్బును ఎంచుకోవడం

హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ లాంటి పెద్ద సంస్థలు ఉన్నాయి. గచ్చిబౌలి, కూకట్‌పల్లి, ఉప్పల్, సికింద్రాబాద్ వైపు పది ఇరవై మందితో నడిచే చిన్న గుంపులూ ఉన్నాయి. ఏదైనా సరే, చేరేముందు నడిపేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఆదివారం సగటు వేగం ఎంత? వెనుకబడిన వారి కోసం ఆగుతారా? చివర తొక్కే బాధ్యత ఎవరిది? "అందరూ బాగానే తొక్కుతారు, వచ్చేయండి" అన్న జవాబు వస్తే ఆ గుంపుకు మరో మూడు నెలలు దూరంగా ఉండండి. "ఇరవై, ఇరవై రెండు, ప్రతి కూడలి దగ్గర ఆగుతాం, చివర ఫలానా ఆయన ఉంటాడు" అంటే కళ్లు మూసుకుని చేరిపోవచ్చు.

మీ సగటు గంటకు ఇరవై కిలోమీటర్లు ఉంటే ఇరవై గుంపులోనే చేరండి. ఇరవై ఎనిమిది గుంపులో చేరితే త్వరగా బలపడతామని అనిపిస్తుంది. నిజానికి పదో కిలోమీటరు దగ్గర వాళ్ల లైట్లు కనుమరుగవుతాయి, మిగతా దూరం మీరూ చీకటీ మాత్రమే.

ఏది కొనాలి, ఎంత పెట్టాలి

రోడ్డు సైకిల్ అంటే వంగిన హ్యాండిల్, సన్న టైర్లు, తక్కువ బరువు. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే చీలిక), ఎనిమిది తొమ్మిది గేర్ల వెనుక చక్రం ఉన్నది మొదటి రెండేళ్లకు సరిపోతుంది. గేర్లు తయారుచేసే షిమానో కంపెనీలో అయితే క్లారిస్ ఎనిమిది గేర్లది, సోరా తొమ్మిది గేర్లది. రెండూ పదేళ్లు నడుస్తాయి. ముందు పళ్ల చక్రాలు రెండూ 50, 34 పళ్లవి, వెనుక పళ్ల చక్రాల్లో పెద్దదానికి కనీసం 32 పళ్లు ఉన్నవి అడగండి. హైదరాబాద్‌లో పెద్ద కొండ లేదు కానీ చదును కూడా లేదు. దక్కన్ రాళ్ల మీద కట్టిన ఊరు, ప్రతి రెండు కిలోమీటర్లకు ఒక ఎత్తు, ఒక పల్లం. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ 34, 32 జోడీ విలువ మోకాళ్లకు తెలుస్తుంది.

బడ్జెట్ యాభై వేలైతే సైకిల్ మీద నలభై పెట్టి పది మిగల్చండి. ఆ పదివేలు మీ శరీరం సైకిల్‌కు తగిలే చోట్ల, సైకిల్ రోడ్డుకు తగిలే చోట ఖర్చు కావాలి: మెత్త ఉన్న నిక్కరు, సీటు, గ్లౌజులు, టైర్లు. హెల్మెట్, ముందూ వెనుకా లైట్లు తప్పనిసరి, వాటి గురించి వాదన లేదు. మెత్త నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు. దుకాణంలో ఎవరూ చెప్పరు, అడగడానికి మనకూ మొహమాటం, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడ్డాక తెలుస్తుంది. సీటు మెత్తగా ఉంటే మంచిదన్నది కూడా భ్రమే. కూర్చునే ఎముకల వెడల్పుకు సీటు సరిపోవాలి, అంతే. ఆడవాళ్లకు సాధారణంగా కాస్త వెడల్పైనది కావాలి.

టైర్లు 28 మిల్లీమీటర్లవి, ఫ్రేములో పడితే 32 వేసుకోండి. ఒకప్పుడు 23 వేసుకుని రాయిలా గాలి కొట్టేవారు. మన రోడ్ల మీద అది నడుముకు శిక్ష. డెబ్బై కిలోల మనిషి 28 టైర్లలో వెనుక 75, ముందు 70 పీఎస్ఐకి కాస్త అటూ ఇటూగా కొట్టుకుంటే చాలు. ఇంట్లో గేజు ఉన్న నిలువు పంపు కొనుక్కోండి, ప్రతి రైడు ముందు చూసుకోండి. సన్న ట్యూబులో గాలి వారానికే దిగిపోతుంది.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. రోడ్డు సైకిళ్ల ట్యూబులకు చాలావరకు ప్రెస్టా వాల్వు ఉంటుంది, పొడవుగా, సన్నగా, కొసన చిన్న మరతో. రోడ్డు పక్క పంక్చరు షాపులోని గాలి గొట్టం దానికి పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, ధర చాలా తక్కువ. దాన్ని వాల్వుకే బిగించి వదిలేయండి. శంకర్‌పల్లి అవతల పంపు విరిగిపోయినప్పుడు దానికి బంగారం విలువ.

పాత సైకిల్ కొంటుంటే జేబులో ఒక స్కేలు పెట్టుకుని వెళ్లండి. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి లెక్కపెడితే వచ్చే ఇరవై నాలుగో పిన్ను మధ్య దాకా కొలిస్తే కొత్తదానికి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగితే వెనుక పళ్ల చక్రాలూ అరిగినట్టే, ఆ మేరకు ధర తగ్గించమనండి. అమ్మేవాడి ముఖంలో రంగు మారితే మీ స్కేలు పనిచేసినట్టు.

సీటు ఎత్తు

దీనికి అరగంట పెట్టండి, ఏళ్ల తరబడి మోకాళ్లు దీవిస్తాయి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకాన్ని గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 78 సెంటీమీటర్లు వస్తే 69కి దగ్గర. పెడళ్ల కడ్డీలు రెండూ కలిసే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. ఇది మొదటి అంచనా మాత్రమే. తర్వాత గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని మడమతో పెడల్ వెనక్కి తొక్కి చూడండి. అడుగుకు వచ్చినప్పుడు కాలు నిటారుగా సాగాలి, తుంటి పక్కకు ఒరగకూడదు. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు సాధారణంగా తక్కువలో ఉన్నట్టు, వెనుక నొప్పి వస్తే ఎక్కువలో. ఒకేసారి మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి కదపకండి. సరిపోయిన చోట సీటు గొట్టం మీద రంగు టేపు ముక్క అంటించండి.

గుంపులో మొదటి రోజు

గుంపులో తొక్కడం వెనుక భౌతికశాస్త్రం సులువైనది. ముప్పై వేగంలో మన శక్తిలో పెద్ద భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. ముందున్నవారి వెనుక నక్కితే పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. అందుకే వంతులవారీగా ముందుకు వచ్చి గాలి మోస్తారు. ఆ మిగులు కావాలంటే మూరెడు దూరానికి రావాలి, ఆ దూరంలో మీ ప్రతి కదలికకూ వెనుకవాళ్లు జామీను.

నా మూడో గుంపు రైడు అది. హిమాయత్‌సాగర్ దాటి చిలుకూరు వైపు పోతున్నాం, నేను నాలుగో స్థానంలో ఉన్నాను. పళ్లెం అంత గుంట ఒకటి ముందు చక్రం కిందికి వచ్చేసింది. కంగారులో రెండు బ్రేకులూ బిగించాను. నేను పడలేదు. నా వెనుక ఉన్న పెద్దాయన నా చక్రానికి తగిలి కుడివైపు పడ్డారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన, క్లబ్బులో అందరూ అంకుల్ అంటారు. లేచి ముందు నా వెనుక చక్రం తిప్పి వంకర పోయిందేమో చూశారు, ఆ తర్వాతే రక్తం కారుతున్న తన మోచేయి. "గుంటలో పడితే నీ ఒక్కడికే దెబ్బ బాబూ. బ్రేకు వేస్తే వెనుక ఆరుగురికి," అన్నారు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను ఇంకా ఎత్తుతూనే ఉన్నాను.

కాబట్టి మొదటి రోజు చివరి నుంచి రెండో స్థానంలో ఉండండి. మీ వెనుక ఒక్కరే, అదీ అనుభవం ఉన్నవారు ఉంటారు. ముందువారితో రెండు బారల దూరం పెట్టుకోండి. మూరెడు దూరం రెండు నెలల తర్వాతి మాట. చూపు ముందు చక్రానికి అతుక్కుపోకుండా దాని పైనుంచి, ముందున్న ఇద్దరు ముగ్గురి భుజాల మీదుగా రోడ్డు మీద పెట్టండి. ఎవరి చక్రం పక్కకూ మీ ముందు చక్రాన్ని చొప్పించకండి. వాళ్లు అంగుళం కదిలితే పడేది మీరే. వేగం తగ్గించాలంటే తొక్కడం ఆపండి, నడుము నిటారుగా చేసి గాలికి ఛాతీ ఇవ్వండి. బ్రేకు ఆఖరి మార్గం, అదీ మెల్లగా.

సైగలు నాలుగు నేర్చుకుంటే చాలు. గుంట ఉంటే ఆ వైపు చేతితో కిందికి చూపాలి. పక్కన ఆగిన ఆటో ఉంటే చేతిని నడుము వెనుకకు తెచ్చి అవతలి వైపుకు ఊపాలి. ఆగాలంటే అరచేయి వెనక్కి తెరవాలి. మలుపు తిరిగే ముందు ఆ వైపు చేయి చాపాలి. చేయి తీసే ధైర్యం ఇంకా రాకపోతే నోరు ఉంది: "గుంట!", "వెనుక బండి!", "ఆగుతున్నా!" పూర్తి వాక్యాలకు సమయం ఉండదు. వెన్నునొప్పి పుట్టించే వరుస గీతల స్పీడు బ్రేకర్లు వస్తే హ్యాండిల్ మీద పట్టు వదులు చేసి, సీటు మీంచి కాస్త లేవండి. శంకర్‌పల్లి వైపు రైలు పట్టాలు దాటేటప్పుడు వాటికి అడ్డంగా, లంబకోణంలో దాటండి. ఏటవాలుగా పోతే సన్న టైరు సందులో ఇరుక్కుంటుంది, తడిగా ఉంటే జారుతుంది.

కుక్కల సంగతి. వేగం పెంచి తప్పించుకోవచ్చని అందరూ అనుకుంటారు, కుక్కలూ అదే అనుకుంటాయి. గట్టిగా ఒక్క కేక వేయండి. ఇంకా వస్తే దిగి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని నడవండి. పరుగెత్తే కాలు ఆగిపోగానే సగం కుక్కలకు ఆసక్తి పోతుంది.

పంక్చరు

దీన్ని ఇంట్లో, ఫ్యాను కింద, రెండుసార్లు చేసి చూడండి. రోడ్డు మీద మొదటిసారి చేస్తే పదిమంది వాచీలు చూసుకుంటూ నిలబడతారు. సీటు కింది సంచిలో ఒక ట్యూబు, టైరు అంచు లేపే ప్లాస్టిక్ లివర్లు రెండు, అతుకుల డబ్బా, చిన్న పంపు ఉండాలి.

వెనుక చక్రమైతే ముందు చైనును చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చి విప్పండి. టైరు ఒక అంచును లివర్లతో లేపి ట్యూబు బయటికి తీయండి. ఇప్పుడు అందరూ తప్పు చేసేది ఇక్కడే: వెంటనే కొత్త ట్యూబు వేసేస్తారు, అయిదు నిమిషాల్లో మళ్లీ చప్పబడుతుంది. పాత ట్యూబులో గాలి కొట్టి చిల్లు ఎక్కడో చూడండి. వాల్వు నుంచి ఆ చిల్లు ఎంత దూరమో టైరు మీద అంతే కొలిచి, ఆ చోట లోపలి వైపు వేలితో మెల్లగా తడమండి. మెల్లగా అనడానికి కారణం ఉంది. మన దగ్గర దొరికేది రెండు రకాలు: తుమ్మ ముల్లు, లారీ టైరు చిరిగి రాలిన సన్నటి ఇనుప తీగ. తీగ వెంట్రుకంత ఉంటుంది, కంటికి కనపడదు, వేలికి మాత్రం చురుక్కుమంటుంది. ఒకసారి నేను ఇరవై నిమిషాలు వెతికి ఓడిపోతే, అంకుల్ జేబులోంచి చిన్న దూది ఉండ తీసి టైరు లోపల ఒక చుట్టు తిప్పారు. దూది పోగు ఒక చోట చిక్కుకుంది. గోళ్లతో బయటికి లాగితే బియ్యపు గింజలో సగం ఉన్న తీగ ముక్క. అప్పటి నుంచి నా సంచిలోనూ దూది ఉంది.

కొత్త ట్యూబులో ముందు కొద్దిగా గాలి నింపి దానికి ఆకారం ఇవ్వండి, వాల్వు ఎదురుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి టైరు అంచును బొటనవేళ్లతో లోపలికి నెట్టండి, వాల్వు దగ్గర ముగించండి. ట్యూబు ఎక్కడా అంచు కింద నలగలేదని రెండు వైపులా చూసుకుని అప్పుడు పూర్తిగా గాలి కొట్టండి.

తినడం, తాగడం

గంట లోపు రైడుకు నీళ్లు చాలు. అంతకు మించితే నలభై అయిదో నిమిషం నుంచే ఏదో ఒకటి నములుతూ ఉండాలి, ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యం. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లెక్క. రెండు మధ్యస్థమైన అరటిపళ్లు దాదాపు 50 గ్రాములు ఇస్తాయి. నా జేబులో పల్లీపట్టి ముక్కలు ఉంటాయి, ఎండకు కరగవు. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పెద్ద ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లకు కొలిచినది, దాన్ని అర లీటరు సీసాలో కుమ్మరించకండి.

తిరుగు దారిలో టిఫిన్ సెంటర్ దగ్గర ఇడ్లీ, ఆ పక్కనే ఇరానీ చాయ్. క్లబ్బు స్నేహాలన్నీ అక్కడే కుదురుతాయి, టైర్ల వెడల్పు మీద గొడవలూ అక్కడే. పూరీ మాత్రం ఇంకా ఇరవై కిలోమీటర్లు మిగిలి ఉంటే వద్దు.

వారం ఎలా గడపాలి

ఉద్యోగం ఉన్నవారికి వారంలో మూడు రోజులు చాలు. మంగళవారం నలభై అయిదు నిమిషాలు తేలికగా, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో. గురువారం ఎత్తులు: జూబ్లీహిల్స్ రోడ్లలో రద్దీ మొదలవకముందు ఒక ఎత్తును ఎంచుకుని నాలుగైదు సార్లు ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు మాటలు తెగిపోవాలి, దిగేటప్పుడు ఊపిరి సర్దుకోవాలి. ఆదివారం గుంపుతో దూరం. పెడళ్లు నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా గేరు పెట్టుకోండి. కొత్తవాళ్లు బరువైన గేరులో యాభై చుట్లు తొక్కి బలం అనుకుంటారు, మోకాలు వేరే అనుకుంటుంది. గుండె వేగం, వాట్లు కొలిచే యంత్రాల జోలికి మొదటి ఆరు నెలలు పోకండి.

దూరాలకు నేను మూసీ నదిని కొలబద్దగా పెట్టుకున్నాను. 1908 వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. నార్సింగి వైపు నుంచి అక్కడిదాకా పోయి రావడం మొదటి నెల. రెండు మూడు నెలలకు శంకర్‌పల్లి, ఆ తర్వాత మర్రిచెట్ల దారిలో చేవెళ్ల. అక్కడ బస్సులూ లారీలూ ఎక్కువ, ఊడల నీడలో గుంట కనిపించదు, నల్ల కళ్లద్దాలు తీసేయండి. ఆరో నెలకు మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు, మీరు బయలుదేరే చోటును బట్టి రానూపోనూ 130 నుంచి 150 కిలోమీటర్లు. రెండు వారాలకు పది కిలోమీటర్ల చొప్పున పెంచండి, ప్రతి నాలుగో వారం తగ్గించండి.

కాలాన్నీ చూసుకోవాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది. చేవెళ్ల వైపు పోయేటప్పుడు ముఖాన కొట్టి, వచ్చేటప్పుడు వీపు తడుతుంది. పోయేటప్పుడు సగటు వేగం చూసి దిగులుపడకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి. వాన తడిలో మ్యాన్‌హోలు మూతలు, రోడ్డు మీద తెల్ల గీతలు సబ్బులా జారతాయి. తడిసిన రోజు స్నానానికి ముందే చైను తుడిచి రెండు చుక్కల నూనె వేయండి.

అనంతగిరి పోయి వచ్చినవారు 200 కిలోమీటర్ల బ్రెవెకు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడుకు, సిద్ధమైనట్టే. పారిస్‌కు చెందిన ఆడాక్స్ క్లబ్ పారిజియన్ నియమాల ప్రకారం జరిగే ఈ రైడ్లు ఇక్కడ హైదరాబాద్ రాండొనర్స్ నిర్వహిస్తారు. 200కు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటల గడువు. పందెం కాదు, ఎవరు ముందు వచ్చారన్న లెక్క లేదు. 200 గడువు గంటకు పదిహేను కిలోమీటర్ల లోపే, కానీ ఇడ్లీ, పంక్చరు, చెట్టు కింద కునుకు, అన్నీ ఆ లెక్కలోనే పోతాయి. నాలుగింటినీ ఒకే సీజన్లో పూర్తి చేసినవారిని సూపర్ రాండొనర్ అంటారు.

ఇంటివాళ్లతో ఒప్పందం

ఈ అధ్యాయం లేక చాలా సైకిళ్లు సెల్లారు చేరాయి. ఆదివారం పొద్దున్నే మాయమయ్యే మనిషి తొమ్మిదిన్నరకు వస్తానని చెప్పి పదకొండింటికి వచ్చి సోఫాలో కూలబడితే మూడు వారాలు కూడా నడవదు. కాబట్టి తిరిగి వచ్చే సమయం అరగంట ఎక్కువ చేసి చెప్పండి, ఆ అరగంట ముందే రండి. మధ్యాహ్నం నిద్రను హక్కుగా అడగకండి. నా ఒప్పందం ఇది: ఆదివారం మటన్ తెచ్చే పని నాది. జెర్సీ వెనుక జేబులో మడత పెట్టిన సంచి, రెండు వందల గ్రాముల సన్న తీగ తాళం రైడంతా నాతోనే తిరుగుతాయి. కొట్టు దగ్గర వరుస పెద్దదే ఉంటుంది. సైకిల్‌ను కరెంటు స్తంభానికి తాళం వేసి, హెల్మెట్ తీయకుండానే నిలబడతాను. ముక్కలు కొట్టే అతను ప్రతి వారం అడుగుతాడు: "ఆ సైకిల్ ఎంత సార్?"